సజా అయిపోయాక ఖైదు

ఎక్కడైనా ఒక పసిబిడ్డ మీద దారుణం జరిగిందని వార్త వచ్చిన రోజు మన ఇళ్లలో రెండే మాటలు వినపడతాయి. "వాణ్ని ఉరి తియ్యాలి" అంటారు మగవాళ్లు. "ఉరి తియ్యకపోతే మానె, జిందగీలో మళ్లీ బయటికి రానివ్వొద్దు" అంటారు ఆడవాళ్లు. నాకెప్పుడూ ఆడవాళ్ల మాటలోనే ఎక్కువ అఖల్ కనిపిస్తుంది. వాళ్లు బదలా అడగడం లేదు, హిఫాజత్ అడుగుతున్నారు. నేనూ ఆడపిల్లల తండ్రినే కాబట్టి ఆ మాట వెనకున్న ఖౌఫ్ ఏమిటో నాకు తెలుసు.

అమెరికాలో ఉన్న మన ఖాందాన్ పిల్లలు ఈమధ్య ఇంకో మాట చెబుతున్నారు. "అక్కడ సజా అయిపోయినా వదలరు మామూ, ఆస్పత్రి అని పేరు పెట్టి లోపలే ఉంచుతారు. మన దగ్గర అట్లాంటిది ఎందుకు లేదు?" అని. మంచి సవాలే. మన దగ్గర లేదన్నది మాత్రం సగమే నిజం. ఆ మిగతా సగం కోసమే ఈ వ్యాసం. మన వత్సవాయి సరిహద్దుకు అటూ ఇటూ నడిచిన తారీఖ్ కూడా ఇందులో ఉంది.

ముందు మాటల సంగతి తేల్చుకుందాం. కచేరీ భాష అంతా తెలుగువాళ్లకు మన దగ్గర్నించే వచ్చింది. ఫిర్యాదు, దాఖలు, హాజరు, జామీను, వకాల్తా, ఖైదు, ముచ్చలికా, అన్నీ. కానీ మూడు మాటలు మాత్రం దాటి రాలేదు. ముష్తబా అంటే ఎవరి మీద షుబా ఉందో వాడు. ముల్జిమ్ అంటే ఎవరి మీద ఇల్జామ్ పడిందో వాడు. ముజ్రిమ్ అంటే ఎవరి జుర్మ్ సాబిత్ అయిందో వాడు. తెలుగులో అనుమానితుడు, నిందితుడు, దోషి అనే మాటలు ఉన్నాయి, లేక కాదు. కానీ పేపర్లో హెడ్డింగ్ పెట్టేటప్పటికి ముగ్గురూ "కామాంధుడు" అయిపోతారు. నాలుగోవాడు సజాయాఫ్తా, సజా మొత్తం అనుభవించి గేటు దగ్గర మూట పట్టుకుని నిలబడినవాడు. అమెరికా పిల్లలు చెప్పేది ఈ నాలుగోవాడి గురించే.

అక్కడి కహానీ 1930ల్లో మొదలైంది. మిషిగన్, ఇల్లినాయ్, మిన్నెసోటా రాష్ట్రాలు "లైంగిక మనోవికారులు" అని ఒక తరగతి కట్టి, వాళ్లను జైలుకు బదులు ఆస్పత్రికి పంపే చట్టాలు చేశాయి. ఆ రోజుల్లో అది రహమ్ అనే అనుకున్నారు, బీమార్ మనిషికి ఇలాజ్ అని. కొన్ని దశాబ్దాలకు ఇలాజ్ పనిచెయ్యడం లేదని ఆ చట్టాలు చాలా చోట్ల మూలన పడ్డాయి. 1990లో వాషింగ్టన్ రాష్ట్రం వాటిని తలకిందులు చేసి మళ్లీ తెచ్చింది. ఈసారి జైలుకు బదులు ఆస్పత్రి కాదు, జైలు అయిపోయాక ఆస్పత్రి. దాని వెనక ఒక ఘటన ఉంది. పాత నేరాలకు సజా అయిపోయి బయటికొచ్చిన ఒకతను 1989లో టకోమా ఊళ్లో ఏడేళ్ల పిల్లాడి మీద చేసిన ఘోరం అది. బయటికొస్తే ఏం చేస్తాడో లోపల ఉన్నప్పుడే తెలిసినా, గడువు తీరిన మనిషిని ఆపే కానూన్ ఎవరి చేతిలోనూ లేకపోయింది. ఆ పిల్లాడి తల్లి ముందు నిలబడి హక్కుల గురించి మాట్లాడే దమ్ము ఎవరికుంటుంది? నాకైతే లేదు.

కాన్సాస్ రాష్ట్రం 1994లో అదే దారి పట్టింది. అక్కడ మొదట పట్టుబడ్డ లెరాయ్ హెండ్రిక్స్ అనే ముసలాయన దశాబ్దాలపాటు పిల్లల్ని పాడుచేసినవాడు. మళ్లీ చెయ్యనని గ్యారంటీ ఇవ్వలేనని, చావు ఒక్కటే తనను ఆపగలదని కోర్టులో తనే ఒప్పుకున్నాడు. 1997 జూన్‌లో అమెరికా సుప్రీం కోర్టు 5–4 తేడాతో తీర్పు ఇచ్చింది. ఇది సజా కాదు, సివిల్ వ్యవహారం, కాబట్టి ఒకే నేరానికి రెండు సజాలు అన్న వాదన నిలవదు అని. ఆ "సజా కాదు" అన్న రెండు మాటల మీదే మొత్తం ఇమారత్ నిలబడింది. ఇవాళ 20 రాష్ట్రాల్లోనూ, వాటితోపాటు కేంద్రంలోనూ ఆ ఏర్పాటు ఉంది. వాషింగ్టన్ రాష్ట్రం వాళ్లది మెక్‌నీల్ అనే దీవి మీద ఉంది. పడవ ఎక్కితే తప్ప చేరలేరు.

లోపలికి పోవడం సరే, బయటికి రావడం ఎలా? మిన్నెసోటాలో మూస్ లేక్, సెయింట్ పీటర్ అనే రెండు చోట్ల 700 మందికి పైగా ఉన్నారు. 2015లో ఫెడరల్ జడ్జి డొనొవన్ ఫ్రాంక్ ఆ ఏర్పాటు రాజ్యాంగానికి విరుద్ధమని తీర్పు రాసేనాటికి, ఇరవై ఏళ్లలో ఒక్కడంటే ఒక్కడు కూడా పూర్తిగా విడుదల కాలేదు. పై కోర్టు 2017 జనవరిలో ఆ తీర్పును తిరగ్గొట్టింది. ఇలాజ్ అంటే మాటలతో చేసే ఇలాజ్. గుంపుగా కూర్చోబెట్టి చేసింది చెప్పిస్తారు, ఒప్పిస్తారు, దశలు దాటిస్తారు. ఒప్పుకోనివాడు మొదటి దశ దాటడు. కాన్సాస్ జైల్లో ఒక ఖైదీ ఈ ఒప్పుకోలు మీదే సుప్రీం కోర్టుదాకా పోయి 2002లో ఓడిపోయాడు. గుర్తు పెట్టుకోండి, ఈ ఒప్పుకోలు సంగతి మన నందిగామ దాకా వస్తుంది.

మళ్లీ చేస్తాడా లేదా అన్నది ఎలా తేలుస్తారు? డాక్టర్లు లెక్కల కాగితం వాడతారు. అందులో ఎక్కువ చలామణీలో ఉన్నది స్టాటిక్–99. పది ప్రశ్నలు. వయసెంత, ఎవరితోనైనా రెండేళ్లు కాపురం చేశాడా, బాధితులు పరాయివాళ్లా, పాత కేసులెన్ని. పాత కేసుల లెక్కలో సాబిత్ అయినవే కాదు, ఇల్జామ్ పడినవి కూడా కలుస్తాయి. అంటే ముల్జిమ్‌గా ఉన్న రోజులు కూడా ముజ్రిమ్ ఖాతాలో జమ. ఆ కాగితం ఇలాంటివాళ్లు వంద మంది ఉంటే ఎందరు మళ్లీ చేస్తారో చెప్పగలదు. ఎదురుగా కూర్చున్నవాడు ఆ వందలో ఎవరో చెప్పలేదు. అమెరికా న్యాయశాఖే 1994లో పదిహేను రాష్ట్రాల జైళ్ల నుంచి విడుదలైన 9,691 మంది లైంగిక నేరస్తుల్ని మూడేళ్లు గమనించింది. మళ్లీ లైంగిక నేరం కింద అరెస్టయినవాళ్లు 5.3 శాతం. దొరికినవాళ్ల లెక్కే ఇది. దొరకనివాళ్లు వేరే ఉంటారన్నది నిజమే. అయినా "అందరూ మళ్లీ చేస్తారు" అని మనం చాయ్ దుకాణంలో చెప్పుకునే లెక్కకూ దీనికీ ఎంత దూరముందో చూడండి.

ఇక మన ఇలాఖాకు వద్దాం.

చెయ్యబోయే నేరానికి ముందే మనిషిని పట్టుకోవడం మన కృష్ణా తీరానికి కొత్త కాదు. జగ్గయ్యపేటను కట్టించింది వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు. తండ్రి జగ్గయ్య పేరు పెట్టాడు, అంతకు ముందు ఆ ఊరు బేతవోలు. ఆయన గురించి ఒక రివాయత్ ఉంది. దోపిడీలు చేస్తున్నారని చెంచుల్ని భోజనానికి పిలిపించి, వరసగా తలలు కొట్టించాడట. అమరావతి పక్కనున్న నరుకుళ్లపాడుకు ఆ పేరు అలాగే వచ్చిందంటారు. ఆ తర్వాత అన్నం ముందు కూర్చుంటే మెతుకులు పురుగుల్లా కనిపించి, పశ్చాత్తాపంతో అమరావతి చేరి గుళ్లు కట్టించాడని చెబుతారు. అందులో ఎంత నిజమో, ఎంత కథో గానీ, అక్కడ విందుకు వచ్చినవాళ్లలో ఎవడు దొంగ, ఎవడు కాడు అని అడిగినవాడు కథలో కూడా లేడు.

ఇంగ్లీషువాళ్లు వచ్చాక కత్తి పోయి రిజిస్టర్ వచ్చింది. 1836లో ఠగ్గుల చట్టం చేశారు. ఫలానా హత్య చేశాడని సాబిత్ చెయ్యనక్కర్లేదు, ఠగ్గుల ముఠాలో ఉన్నాడని తేలితే యావజ్జీవం. 1871లో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం వచ్చింది. ఇది మనిషిని కూడా వదిలేసి పుట్టుకనే పట్టుకుంది. 1911లో దాన్ని తిరగరాసి మద్రాసు ప్రెసిడెన్సీకీ తెచ్చారు. ఎరుకల కులాన్ని నోటిఫై చేశారు. వేలిముద్రలు, హాజరు, ఊరు దాటాలంటే చీటీ. కొందరిని సెటిల్‌మెంట్లలో పెట్టారు. బాపట్ల దగ్గర స్టువర్టుపురం, బెజవాడకు ఏటి అవతల సీతానగరం, రెండూ సాల్వేషన్ ఆర్మీ నడిపినవే. నెల్లూరు వైపు కావలిలో బాప్టిస్టు మిషన్‌ది. స్టువర్టుపురానికి ఆ పేరు మద్రాసు గవర్నర్ కౌన్సిల్ సభ్యుడు హెరాల్డ్ స్టువర్ట్ నుంచి వచ్చింది. ఆరేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల దాకా ఉన్న పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరుచేసి బడిలో పెట్టే అధికారం కూడా ఆ చట్టంలో రాసి ఉంది. పేరు మాత్రం ఇస్లాహ్, అంటే సంస్కరణ. చీరాల పొగాకు కంపెనీకి కూలీలు అక్కడి నుంచే పోయేవారు.

అల్లరి చేస్తే స్టువర్టుపురం వాళ్లకు పట్టిస్తానని మా దాదీ మమ్మల్ని భయపెట్టేది. వాళ్ల పిల్లల్ని ఎవరు ఎవరికి పట్టించారో ఆమెకు తెలీదు. ఆ ఊరి పేరు మీద సినిమాలొచ్చాయి. అక్కడికి పోయి మనుషులతో కూర్చున్నవాళ్లు మాత్రం తక్కువ. 1970ల్లో విజయవాడ నాస్తిక కేంద్రం నుంచి లవణం గారు, జాషువా కవి కూతురు హేమలతా లవణం గారు పోయారు. ఖుదాను నమ్మనివాళ్లు ఖుదా కే బందోం కోసం పోయిన సంగతి నేను మన పెద్దలకు అప్పుడప్పుడు గుర్తు చేస్తుంటాను, వాళ్లకు అంతగా నచ్చదు.

1952 ఆగస్టు 31న ఆ చట్టం దేశమంతా రద్దయింది. మద్రాసులో 1947లోనే పోయింది. కానీ 1948లోనే మద్రాసులో, 1962లో ఆంధ్రప్రదేశ్‌లో అలవాటు నేరస్తుల చట్టం అని వేరే పేరుతో వచ్చింది. పోలీస్ స్టేషన్లో షీటు అలాగే ఉండిపోయింది. మనం తిట్టుగా వాడే "కేడీ" అన్న మాట పోలీసు రికార్డుల్లోని "నోన్ డెప్రెడేటర్" అన్న రెండు మాటల పొడి అక్షరాలే. ఏ బక్రీద్ ముందో ఎన్నికల ముందో మన మొహల్లా కుర్రాళ్లను స్టేషన్‌కు పిలిచి ముచ్చలికా రాయించుకుంటారు కదా, అదీ ఈ చెట్టు కొమ్మే. గొడవ చెయ్యనని, చెయ్యకముందే రాసి ఇవ్వడం.

ఇప్పటిదాకా చెప్పింది దొంగతనం, దోపిడీ గురించి. లైంగిక నేరం పేరుతో మనుషుల జాబితా తయారు చెయ్యడం మన తెలుగు నేలమీద మొదట జరిగింది వత్సవాయికి ఉత్తరాన, సరిహద్దు అవతల, నిజాం ఇలాఖాలో. 1329 ఫసలీ, అంటే 1919. ఫసలీ అంటే ఏమిటో అడంగల్ చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఆ ఏడు హైదరాబాద్ సర్కార్ హిజ్రాల చట్టం చేసింది. పిల్లల్ని ఎత్తుకుపోతారని, అంగచ్ఛేదం చేస్తారని, ప్రకృతి విరుద్ధమైన పనులు చేస్తారని షుబా ఉన్న హిజ్రాల పేర్లు, చిరునామాలు రిజిస్టర్లో రాయాలి. రిజిస్టర్లో ఉన్నవాళ్లు ఆడ దుస్తుల్లో బజార్లో కనపడినా, ఆడినా పాడినా, వారంటు లేకుండా పట్టుకోవచ్చు. ఇంట్లో పదహారేళ్ల లోపు పిల్లాడుంటే రెండేళ్ల దాకా ఖైదు.

1871 నాటి ఇంగ్లీషు చట్టంలో రెండో భాగం కూడా హిజ్రాల మీదే. నిజాం సర్కార్ చట్టం దాని పోలికే. ఇంగ్లీషువాడి జుల్మ్ గురించి మనం చాలా రాస్తాం. అదే జుల్మ్‌ను మన ఆసఫ్‌జాహీ సర్కార్ ఉర్దూలోకి దించుకున్న సంగతి రాయం. అదే దర్బారు ఇళ్లలో, జనానాల్లో ఖాజాసరాలు ఇజ్జత్‌తో బతికిన రోజులు అంతకు ముందే ఉన్నాయి కూడా. మీనారుల గురించి గొప్పగా చెప్పుకునేవాళ్లం ఈ రిజిస్టర్ గురించి కూడా చెప్పుకోవాలి.

ఆ చట్టం నిజాం పోయినా పోలేదు. పోలీస్ యాక్షన్ దాటింది, ఆంధ్రప్రదేశ్ ఏర్పాటు దాటింది, "ఆంధ్రప్రదేశ్ (తెలంగాణ ప్రాంత) చట్టం" అని కొత్త టోపీ పెట్టుకుని 2014 విభజన కూడా దాటింది. 2018లో హిజ్రా హక్కుల కార్యకర్తలు కోర్టుకెక్కారు. 2023 జూలైలో తెలంగాణ హైకోర్టులో చీఫ్ జస్టిస్ ఉజ్జల్ భుయాన్ ధర్మాసనం దాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. ఒక సముదాయం మొత్తాన్ని నేరస్తులని రాసేసిన చట్టం అంది. నూట నాలుగేళ్లు. ఆ రిజిస్టర్లో పేరెక్కిన ఎంతమంది జుర్మ్ సాబిత్ అయింది అన్న ప్రశ్నకు ఆ చట్టంలో చోటే లేదు. షుబా చాలు.

ఇప్పుడు నజర్‌బందీ. ఏం చేశాడని కాదు, ఏం చేస్తాడోనని లోపల పెట్టడం. మన రాజ్యాంగమే, 22వ అధికరణలో, దానికి తలుపు తెరిచి పెట్టింది. రాజ్యాంగం అమల్లోకి వచ్చిన నెలకే, 1950 ఫిబ్రవరిలో, మొదటి నివారక నిర్బంధ చట్టం వచ్చేసింది. మద్రాసు జైల్లో ఉన్న కమ్యూనిస్టు నాయకుడు ఏ.కె. గోపాలన్ దాన్ని సవాలు చేశాడు. సుప్రీం కోర్టులో ఎక్కువ మంది జడ్జీలు చట్టం వైపు నిలిచారు. ఫిరాయించి రాసినవాళ్లలో జస్టిస్ సయ్యద్ ఫజల్ అలీ ఒకరు. చట్టం రాసి ఉంటే చాలదు, పద్ధతిలో ఇన్సాఫ్ ఉండాలి అన్నది ఆయన మాట సారాంశం. ఆనాడు ఆయన ఓడిపోయారు. 1978లో మేనకా గాంధీ కేసుకు వచ్చేసరికి కోర్టే ఆయన దారికి వచ్చింది. రాష్ట్రాల పునర్విభజన కమిషన్ ఫజల్ అలీగా ఆయన పేరు తెలుగువాళ్లకు తెలుసు. ఈ ఫైసలా సంగతి తెలిసినవాళ్లు తక్కువ.

1986లో ఆంధ్రప్రదేశ్ పి.డి. యాక్ట్ వచ్చింది. సారా అమ్మేవాళ్లు, బందిపోట్లు, మత్తుమందుల వాళ్లు, గూండాలు, వ్యభిచార వ్యాపారం చేసేవాళ్లు, భూకబ్జాదారులు, ఆరు తరగతులు. కలెక్టర్ గానీ పోలీస్ కమిషనర్ గానీ ఆర్డర్ రాస్తే లోపలికే. పన్నెండు రోజుల్లో సర్కార్ మంజూరు, మూడు వారాల్లో అడ్వైజరీ బోర్డుకు కాగితాలు. బోర్డు సరేనంటే మొత్తం పన్నెండు నెలలు. బోర్డు ముందు వకీలును పెట్టుకునే హక్కు లేదు. రాష్ట్రం విడిపోయాక 2018లో తెలంగాణ ఆ జాబితాను పొడిగించింది. కల్తీ విత్తనాల వాళ్లు, నకిలీ దస్తావేజుల వాళ్లు, సైబర్ మోసగాళ్లు, ఇంకా ఎవరెవరో. ఆ వరసలోనే లైంగిక నేరస్తులు. చట్టం పేరు ఒక ఊపిరిలో చదవలేనంత పొడవైంది.

అంటే అమెరికా పిల్లలు అడిగినది ఆ ఏడు సరిహద్దు అవతల ఒక రూపంలో వచ్చేసింది. 1919లో రిజిస్టర్ ఉన్నదీ ఆ వైపే. వత్సవాయి నుంచి బోనకల్లు పోయే మనిషి దారిలో అదే జొన్న చేను, అదే మిరప తోట చూస్తాడు. ఆయన మీద పనిచేసే కానూన్ మాత్రం మారిపోతుంది.

తేడా ఏమిటంటే, అమెరికాలో ఇలాజ్ అన్న పేరైనా ఉంది, సజా అయ్యాక మొదలవుతుంది, కోర్టులో విచారణ జరుగుతుంది. ఇక్కడ ఇలాజ్ లేదు. చాలాసార్లు కేసు ఇంకా తేలకముందే, జామీను వచ్చిన మర్నాడే ఆర్డర్ వస్తుంది. అంటే నాలుగోవాడి కోసం కాదు, రెండోవాడి కోసం. ముల్జిమ్‌కు కోర్టు ఇచ్చిన జామీనును పోలీసు కాగితం తినేస్తుంది.

సుప్రీం కోర్టు దీన్ని గమనించకపోలేదు. సామా అరుణ కేసు 2017లో, బంకా స్నేహశీల కేసు 2021లో, ఆమీనా బేగం కేసు 2023 సెప్టెంబర్లో. ఈ పేర్లు చూశారా? ప్రతిదాంట్లో భర్త లోపల, ఫిర్యాదు భార్యది. నజర్‌బందీ తారీఖ్ రాస్తే అది ఆడవాళ్ల పేర్లతోనే రాయాల్సి వస్తుంది. ఆమీనా బేగం భర్త మీద దోపిడీ, బెదిరింపు, ఆడవాళ్ల మర్యాదకు భంగం కలిగించడం లాంటి కేసులు చెప్పి, హైదరాబాద్ పోలీసులు గూండా అని ఆర్డర్ రాశారు. 2021లో ఒకసారి రాస్తే హైకోర్టు కొట్టేసింది, 2023లో మళ్లీ రాశారు. ఆ కేసులో జస్టిస్ సూర్యకాంత్, జస్టిస్ దీపాంకర్ దత్తా తెలంగాణ పోలీసులను గట్టిగానే మందలించారు. స్వాతంత్ర్యానికి డెబ్బై ఐదేళ్లు నిండిన పండగ చేసుకుంటున్న వేళ మనుషుల ఆజాదీని ఇంత తేలిగ్గా తీసెయ్యడం ఏమిటని. మామూలు చట్టంతో పట్టుకోగలిగిన నేరానికి అసాధారణ చట్టం వాడొద్దని.

నేను ఆ మనిషి మంచివాడని చెప్పడం లేదు, నాకు తెలీదు. చెయ్యి వేసినవాడి మీద కేసు నడిపి, సాబిత్ చేసి, సజా వెయ్యండి అనే నా మాట. సాబిత్ చేసే కష్టం తప్పించుకోవడానికి ఒక చట్టం దొరికితే, పోలీసులు సాబిత్ చెయ్యడం మరచిపోతారు. ఆడపిల్లకు ఆ పన్నెండు నెలల తర్వాత ఏం హిఫాజత్ మిగులుతుంది?

ఇంకో సంగతి ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవాల్సింది. మనం భయపడే మనిషి చీకట్లో వచ్చే పరాయివాడు. నేర గణాంకాలు ఏటా చెప్పేది వేరు. అత్యాచారం కేసుల్లో నూటికి తొంభైకి పైగా బాధితురాలికి తెలిసినవాళ్లే ముల్జిములు. పక్కింటివాడు, చుట్టం, సార్, పెళ్లి చేసుకుంటానన్నవాడు. పోక్సో చట్టం 2012 ప్రకారం పిల్లల మీద ఇలాంటిది జరిగిందని తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోతే అదీ నేరమే. మన ఖాందాన్లలో ఏం చేస్తాం? "ఘర్ కీ బాత్ ఘర్ మే" అంటాం. పిల్లను నానీ ఇంటికి పంపించేస్తాం, ఆ పెద్దమనిషి మాత్రం దస్తర్‌ఖాన్ దగ్గర ఎప్పటిలాగే మొదటి వరసలో కూర్చుంటాడు. దూరపు ముజ్రిమ్‌కు జిందగీ భర్ ఖైదు కోరే నోటితోనే దగ్గరి ముజ్రిమ్‌కు సలామ్ చెబుతాం. పిల్లను పంపడం కాదు, ఆయన్ని పంపాలి. అది చెయ్యడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు. కావాల్సిందల్లా ఒక ఫుప్పునో ఒక ఖాలానో గట్టిగా నిలబడటం.

ఇక నందిగామ.

2007 డిసెంబర్ 27. విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నంలో ఒక ప్రైవేటు లేడీస్ హాస్టల్లో మన బిడ్డ, ఫార్మసీ చదువుకుంటున్న అమ్మాయి, అత్యాచారానికీ ఖతల్‌కూ గురైంది. పేరు మీ అందరికీ తెలుసు, నేను రాయను. పోలీసుల మీద ఒత్తిడి పెరిగింది. 2008లో నందిగామ దగ్గరి పల్లె నుంచి ఒక పేదింటి దళిత కుర్రాణ్ని తెచ్చి, వీడే అన్నారు. నరాల జబ్బుతో నడవలేని స్థితిలో అతన్ని జనం టీవీల్లో చూశారు. గోడ దూకి పైకెక్కి ఆ పని చేసింది ఇతనేనని పోలీసు కథ. బిడ్డ తల్లిదండ్రులు మొదటి నుంచీ ఒకే మాట మీద ఉన్నారు, వీడు కాదు అని. బిడ్డను పోగొట్టుకున్న తల్లి, ఎవరో ఒకరికి సజా పడితే చాలనుకోకుండా, పరాయి తల్లి కొడుకు కోసం మాట్లాడటం ఎంత పెద్ద దిల్ ఉంటే జరుగుతుందో ఆలోచించండి. 2010 సెప్టెంబర్లో విజయవాడ కోర్టు అతనికి పద్నాలుగేళ్ల సజా వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు అతను నిర్దోషి అని వదిలేసింది. లక్ష రూపాయలు ఇవ్వమంది, దర్యాప్తు చేసిన పోలీసుల మీద చర్య తీసుకోమంది. అప్పటికి ఎనిమిదేళ్లకు పైగా గడిచిపోయాయి.

ఇప్పుడు ఆ ఒప్పుకోలు సంగతి. మిన్నెసోటా పద్ధతి మన దగ్గర ఉండి ఉంటే, హైకోర్టు కళ్లు తెరవకపోయి ఉంటే, పద్నాలుగేళ్లు నిండాక అతన్ని ఇలాజ్‌కు పంపేవాళ్లు. చేశానని ఒప్పుకో, మొదటి దశ దాటు అనేవాళ్లు. చెయ్యనిది ఒప్పుకుంటే ఖాయంగా ముజ్రిమ్. ఒప్పుకోకపోతే తన తప్పు తనకు తెలియని రోగి. 2018 సెప్టెంబర్లో కేంద్రం లైంగిక నేరస్తుల జాతీయ డేటాబేస్ మొదలుపెట్టింది. మొదటి రోజే నాలుగు లక్షలకు పైగా పేర్లు. హైకోర్టు తీర్పు ఏడాదిన్నర ఆలస్యమై ఉంటే ఇతని పేరూ అందులో ఎక్కేది.

2018 నవంబర్లో హైకోర్టు కేసును సి.బి.ఐ.కి ఇచ్చింది. వాళ్లు వచ్చి చూస్తే, విజయవాడ కోర్టులో భద్రంగా ఉండాల్సిన సాక్ష్యాల వస్తువులు, అప్పీలు నడుస్తుండగానే, ఎప్పుడో నాశనం చేసేసి ఉన్నాయి.

మరుసటి ఏడు నవంబర్లో శంషాబాద్ దగ్గర పశువైద్యురాలి మీద ఆ ఘోరం జరిగింది. 2019 డిసెంబర్ 6 తెల్లవారుజామున షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో నలుగురు ముల్జిములను పోలీసులు కాల్చి చంపారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. మన గల్లీల్లో కూడా మిఠాయి పంచారు, నేను చూశాను. సుప్రీం కోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ తర్వాత చెప్పింది, ఆ ఎన్‌కౌంటర్ కథ కల్పితమని, చంపాలనే కాల్చారని, నలుగురిలో ముగ్గురు మైనర్లని. డిసెంబర్ 13న ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ దిశ బిల్లు పాస్ చేసింది, ఇరవై ఒక్క రోజుల్లో ఉరి దాకా. రాష్ట్రపతి మంజూరీ రాలేదు, అది అమల్లోకి రాలేదు.

ఆ మర్నాడే, డిసెంబర్ 14న, తెనాలిలో సి.బి.ఐ. వాళ్లు ఖబ్రస్తాన్‌కు వచ్చారు. మట్టిలో పెట్టిన మయ్యత్‌ను మళ్లీ కదిలించడం మన దగ్గర ఎంత బరువైన సంగతో చెప్పక్కర్లేదు. కోర్టు బీరువాలో ఉండాల్సిన సాక్ష్యం లేదు కాబట్టి, పన్నెండేళ్ల తర్వాత ఆ బిడ్డ ఖబర్ తెరిచారు. డాక్టర్లు ఎముకల నమూనాలు తీసుకున్నారు. తర్వాత ఖబర్ మళ్లీ మూసి మట్టి వేశారు.